ఊరు బర్రెతోటి మాట్లాడిన యేడాది

పోయిన చలికాలంల మా ఊర్ల మాట్లాడుడు బందయింది. ఊరందరికి కాదు, మా ఒక్క ఇంటికి. ఆ ముచ్చట రాద్దామని కూసున్న. నాకు బడి లేదు. బీడీ కట్టల మీది కాయితాలు, కోరుట్ల బస్టాండు గోడల మీది రాతలు సదివి సదివి అచ్చరాలు పట్టుకున్నోన్ని. రాతల తప్పులుంటె ఉంటయి. జరిగిందాంట్ల మాత్రం తప్పు రానియ్య.

మా ఊరికి సర్కారు పెట్టిన పంచాయతీ ఒకటి, ఊరోళ్లు పెట్టుకున్న కమిటీ ఒకటి. మా దిక్కు చాన ఊర్లల్ల ఉన్నదే. గుడికి సున్నమేసుడు, కోతులను పట్టిచ్చుడు, కల్లు ధర కట్టుడు, కూలి కట్టుడు, తగువులు తెంపుడు అన్ని కమిటీయే. మంచి పనులు గూడ చేసింది, లేదన. కని దాన్ని ఎవ్వలు ఓటేసి పెట్టలే. దాన్ని అడిగెటోడు లేడు.

పంచాయతీ ఎలచ్చన్లు వచ్చినయి. సర్పంచి సీటు మా కులపు ఆడోళ్లకు రిజర్వయింది. కమిటీ ఏంజేసింది? సీటును వేలం పెట్టింది. గుడి ముంగట షామియానా ఏసి, కల్లు దుకాణం పాట పాడినట్టే పాడిండ్రు. ఇద్దరు పెద్ద రైతులు పోటీ పడ్డరు. గెలిసినాయనే కమిటీ అధ్యక్షుడు. తన దగ్గర జీతమున్న మా కులపోని పెండ్లం పేరు రాపిచ్చిండు. ఆమె ఆ పొద్దు పత్తి ఏరవోయింది. తాను సర్పంచి అయితున్నదన్న సంగతి ఆమెకు తెలిసేటాలకు పొద్దుగూకింది.

నా కొడుకు మస్కట్ల ఉంటడు. కోడలు పన్నెండు సదివింది, బీడీలు చేస్తది. ఆ సందేళ చాటల ఆకు కత్తిరించుకుంట తల ఎత్తకుంటనే అడిగింది.

"మామా, గా సీటు మనకొచ్చిందా, మన పేరు మీద వాళ్లకొచ్చిందా?"

"నువ్వే చెప్పు బిడ్డా."

"అయితె నేను నామినేషన్ ఏస్త."

వద్దు అందామనుకున్న. యాభై ఏండ్లు వేరెటోళ్ల చేన్లల్ల వంగి, ఇప్పుడు నా కోడలిని గూడ వంగు అని ఏ మొకంతోటి చెప్పాలె?

నామినేషన్ ఏసి వచ్చిన తెల్లారి డప్పు చప్పుడు ఇనవడ్డది. డప్పు కొట్టెటోడు మా వాడాయనే, నాకు తమ్ముని వరుస. ఊరు చెప్పింది చాటుడు మా తాతలకాన్నుంచి మా వాడ పని. వాడు మా గల్లీలకొచ్చి, నా మొకం చూడకుంట, నేల చూసుకుంట చాటిండు.

"ఇనుండ్రో! ఫలానా ఇంటోళ్లతోటి ఎవ్వలు మాట్లాడద్దు. ఉప్పు పప్పు అమ్మద్దు. కూలికి పిలువద్దు. ఆటోల ఎక్కిచ్చుకోవద్దు. మాట్లాడినోళ్లకు జరిమానా. మాట్లాడంగ చూసి చెప్పినోళ్లకు ఇనాం. చిన్న లేదు, పెద్ద లేదు, కమిటోళ్లకైన గిదే కట్టుబాటో!"

ఆఖరి మాట వేలంల ఓడిపోయిన రైతు పట్టుబట్టి పెట్టిచ్చిండట. ఆయన గూడ కమిటీల ఉన్నడు. గెలిసినోడు, ఓడినోడు ఒకలను ఒకలు నమ్మరు. నాకు తెల్వకుంట నువ్వొక్కనివే మాట్లాడి, వాళ్లను ఒప్పిచ్చి పేరు కొట్టేస్తవా అని పంతం. ఆ మాటనే తర్వాత వాళ్ల గొంతుకు అడ్డం పడ్డది.

నేను భయం ఎరుగనోన్ని కాదు. నా పడుచుతనంల మా దిక్కు ఎట్ల ఉండెనో ఇప్పటి పిల్లలకు తెల్వది. అప్పుడు భయం జీపుల వచ్చేది. దూరంకెల్లి చప్పుడయ్యేది, కుక్కలు మొరిగేటియి, మేం జొన్నచేన్లకు ఉరికెటోళ్లం. పోలీసోళ్లు వచ్చినా, అడివిలకెల్లి అన్నలు వచ్చినా గడప కాడ నిలవడ్డోడు పరాయోడు. గీ భయానికి చప్పుడు లేదు. నాతోటి కాలువ తవ్వినోడు, నాతోటి చుట్ట కాల్చినోడు నన్ను చూడంగనే సెల్‌ఫోన్ చెవుకు పెట్టుకుంటడు. ఫోన్ల ఎవ్వలు లేరని నాకు తెలుసు. నాకు తెలుసని వానికి తెలుసు.

కిరాణ షాపుకు పోయిన. "పావు కిలో చక్కెర" అన్న. షాపాయన నా తల మీదికెల్లి రోడ్డు చూసిండు. మల్ల అన్న. ఆయన చెవిటోడేం గాదు. ఇంకెవలో వచ్చి అగ్గిపెట్టె అడిగితె ఇచ్చిండు. నేను సంచి బుజాన ఏసుకొని పొలాల గట్లెంబడి రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి కోరుట్ల పోయి తెచ్చుకున్న. పుట్టిన ఊర్ల ఉప్పు పుట్టనోన్ని అయిన.

జగిత్యాల పోయి కలెక్టరాఫీసుల దరఖాస్తు గూడ ఇచ్చినం. సారు మంచోడే. కుర్చీ చూపిచ్చి కూసోమన్నడు. "గిట్ల వెలి వెయ్యనీకి చట్టం ఒప్పుకోదు" అన్నడు. చట్టం ఒప్పుకోదని నాకు తెల్వదా? ఆ మాట మా షాపాయనకు ఎవలు చెప్పాలె?

మా వాడ, ఊరు కలిసేకాడ మా ఇల్లు; ఎదురుంగ ఒక పటేలమ్మ ఇల్లు. నా ఈడుదే. నా భార్య బతికున్నప్పుడు ఇద్దరు ఒక్క కాడ కూసొని బీడీలు చేసెటోళ్లు. ఆమె కొడుకు కమిటీల మెంబరు. చాటింపు అయినకాన్నుంచి ఆమె మా దిక్కు చూడలే. చూస్తదని నేను ఆశపడలే. ఓ సందేళ పాలు పిండుకుంట బర్రెతోటి మాట్లాడవట్టింది. మా ఊర్లల్ల బర్రెతోటి మాట్లాడనోళ్లెవలు? కని ఆ పొద్దు గొంతు పెద్దగుండె.

"ఓసి బర్రె, బుద్ధిలేనిదానా! చీకటి పడ్డంక మోటరు కాడికి ఒక్కదానివే పోతవేందే? ఆడ ఎవలెవలో కూసుంటున్నరట. పోకు మల్ల!"

నా కోడలు అప్పుడే బిందె చంకల పెట్టుకొని గడప దాటుతున్నది. ఆగింది. బర్రెను చూసింది. బర్రె గడ్డి నములుతున్నది.

"మామా, బర్రెలు మోటరు కాడికి పోతయా?"

"పోవు బిడ్డా. బిందె లోపట పెట్టు."

అప్పటికెల్లి సందేళయితె మాకు గదే పత్రిక. "ఏమే బర్రె, దగ్గుతున్నవు? మిరియాలు దంచుకొని తాగరాదు?" అంటె అది నా దగ్గు ముచ్చట. నేను నా సైకిలు తుడుచుకుంట దానికి జవాబు చెప్పేది: "ఏం సైకిలువే నువ్వు! మిరియాలు కావాలంటె కోరుట్ల దాకా తొక్కాలె, నీకు గాలి లేదు." తెల్లారి మా వాకిలి గోడ మీద మిరియాల పొట్లం ఉండేది. నవ్వొస్తుండె. నవ్వినంక భయమయితుండె, నవ్వంగ ఎవలన్న చూసిండ్రా అని. చూసి చెప్తె ఇనామాయె.

నామినేషన్ వాపస్ తీసుకునే గడువు ఇంకా ఉండె. గడువు పొద్దు మూడింటి లోపట నా కోడలు సంతకం పెడితె పోటీ లేదు, అధ్యక్షుడు కొన్న సీటు ఆయనదే. పెట్టకపోతె ఓట్లు పడాలె. గంతే. ఊరంతా ఆ ఒక్క సంతకం మీద నిలవడ్డది. తెల్వని నంబర్లకెల్లి ఫోన్లు రావట్టినయి. ఒకడు ఆమెతోటి, "మీ ముసలోడు పొద్దుగాల్ల ఒక్కడే పోతడు కద పొలాల దిక్కు?" అని పెట్టేసిండు. తెల్లారి నా చెప్పులు కనవడలే. నేను బయటికి పోవద్దని ఆమెనే దాసిపెట్టింది.

కొడుకు మస్కట్‌కెల్లి ఫోన్ చేసిండు.

"నాయినా, ఊరి వాట్సాప్ గ్రూపుల అంతా మన ముచ్చటే పెడుతున్నరు. వాపస్ తీసుకోమను. ఏమన్నయితె నేనీడ ఉండి ఏం చెయ్యాలె?" ఏడ్సిండు. ముప్పై ఆరేండ్లోడు.

కోడలు ఫోన్ గుంజుకున్నది. "ఏడువకు. నువ్వేడిస్తె నాకు భయమయితది. భయమయితె సంతకం పెడుత. పెట్టుమంటవా, చెప్పు."

వాడు ముక్కు చీదిండు. ఆఖరుకు, "తలుపు గట్టిగ పెట్టుకోండ్రి" అన్నడు.

గడువుకు ముందటి సందేళ పటేలమ్మ బర్రెను తిట్టవట్టింది. పాలు పిండుడు గూడ అయిపోయింది, అయినా తిడుతున్నది.

"రేపు పొద్దుగాల్ల నిన్ను కార్ల ఏసుకొని మండలానికి తోల్కపోతరటనే! రోడ్డు కాడ కావలుంటరట. నీకు రోడ్డే దొరికిందా, కాలువ గట్టు లేదా? వెలుగు రాకముందే పోవద్దా, నీ పాడుగాను!"

లోపటికెల్లి ఆమె కొడుకు గొంతు. "ఎవలతోని అవ్వా?"

"బర్రెతోని రా! నీతోని మాట్లాడితె గడ్డి తింటవా?"

ఆ మాటకు ఏ పొద్దయినా నవ్వెటోన్ని. ఆ పొద్దు ఆమె గొంతుల వణుకు ఇనవడ్డది. లోపటికి పోయి కోడలిని సంచి సదురుకోమన్న.

తెల్లారకముందే మంచుల కాలువ గట్టెంబడి పోయినం. ఎదురుంగ మనిషి వస్తె కనవడనంత మంచు. చెట్టు కనవడ్డా మనిషే అనుకున్న. మా ఊరు దాటి, పక్కూరు దాటి, రోడ్డెక్కి బస్సు ఆపినం. సిరిసిల్లల కోడలి అక్క ఉంటది, వాళ్లది బట్ట నేసే సాంచెల షెడ్డు. "ఆడ సాంచెల నడుమ కూసుంట మామా. ఆ చప్పుడుకు ఎవలు పిలిచినా ఇనవడది" అన్నది. వేములవాడ పోయి బస్సు మారాలె. ఆమె కిటికీలకెల్లి నన్ను చూడలే, ముంగటి సీటు రాడు గట్టిగ పట్టుకున్నది. బస్సు పోయింది. నేను మర్లి ఇంటికొచ్చి గడప మీద కూసున్న, ఆమె లోపటనే ఉన్నదని వచ్చెటోళ్లు అనుకోవాలె కద.

పొద్దెక్కినంక తెల్ల కారు వచ్చి ఆగింది. అధ్యక్షుడు దిగిండు. ఆయనెంబడి నలుగురు. వేలంల ఓడినాయన మనిషి గూడ ఒకడు వచ్చి, పక్కకు నిలవడి సెల్‌ఫోన్ల వీడియో తీయవట్టిండు. మాట్లాడంగ దొరికితె ఇనాం వానిదే.

అందరు నా ముంగట నిలవడ్డరు. ఎవ్వలు నోరు తెరువలే. తెరుస్తె వాళ్లు కట్టిన కట్టుబాటే వాళ్ల మెడకు. అధ్యక్షుని చేతుల కాయితం ఉన్నది, జేబుల పెన్ను ఉన్నది, నోట్లె మాట లేదు. ఆయన అటు చూసిండు, ఇటు చూసిండు, ఆఖరుకు పటేలమ్మ వాకిట్ల కట్టేసున్న బర్రె దిక్కు తిరిగిండు.

"ఏమే బర్రె," అన్నడు, "ఒక్క సంతకం పెడితె అయిపోయేదానికి ఎందుకే గింత లొల్లి? బయటికి రమ్మను. ఊర్ల బతుకుతరా లేదా?"

నా ప్రాణం పోయినంత పనయింది. బర్రెతోటి మాట్లాడే ఆ తొవ్వ ఆయనకు ఎట్ల తెలిసింది? పటేలమ్మ ముచ్చట తెలిసే ఆ దిక్కు తిరిగిండా, వట్టిగనే తిరిగిండా? ఆ నలుగురిల ఆమె కొడుకు ఉన్నడు. వాని మొకం చూద్దామంటె ధైర్యం చాలలే.

బర్రె ఏం చెప్తది? ఆయన నన్ను పక్కకు నూకి లోపటికి పోయిండు. చాట తన్నిండు, కత్తిరించిన ఆకు ఇల్లంత పడ్డది. మంచం కింద చూసిండు, వంటింట్ల చూసిండు. అప్పుడు ఎదురింటి గోడ అవుతలకెల్లి పటేలమ్మ గొంతు లేచింది.

"ఓసి బర్రె! ఆడిమనిషి లేని ఇంట్ల మొగోళ్లు మంచాల కింద దేవులాడుతున్నరే! నువ్వన్న సిగ్గుపడవే!"

వీడియో తీసెటోడు ఫక్కున నవ్విండు. పటేలమ్మ కొడుకు నేల దిక్కు చూసిండు. అధ్యక్షుడు బయటికొచ్చిండు. ఫోన్లు చేసిండు, కార్లు ఉరికిచ్చిండు. కోరుట్ల బస్టాండుల మనుసులను పెట్టిండట. మూడయ్యే దాకా నేను గడప మీదికెల్లి లేవలే, మూత్రానికి గూడ. మూడు దాటినంక సిరిసిల్లకెల్లి ఫోన్. సాంచెల చప్పుడు తప్ప ఏం ఇనవడలే. ఆ చప్పుడు ఇంటుంటేనే నాకు ఊపిరి తిరిగింది.

ఆమె తిరిగొచ్చి ఇంటింటికి పోయి ఓటు అడిగింది. ఎవ్వలు మారు మాట్లాడలే. మాట్లాడద్దని కట్టుబాటు ఉన్నది గని, ఇనద్దని లేదు. వాకిట్ల నిలవడి చెప్పుకుంట పోయింది. వాళ్లు చాటల బియ్యం ఏరుకుంట ఇన్నరు. ఆమె మర్లి పోయేదాకా తలుపు మాత్రం పెట్టలే.

కోడలు ఓడిపోయింది. బడి కాడ ఓట్లు లెక్కపెట్టి చదివిండ్రు. కని ఆమెకొచ్చిన ఓట్లు చదివినప్పుడు ఆవరణల ఒక్కసారి చప్పుడు ఆగింది. మా వాడ ఓట్లన్ని కలిపినా గన్ని లేవు. మా వాడల గూడ అందరు ఏసి ఉండరు. అంటె ఊర్లకెల్లి పడ్డయి. చానానే పడ్డయి.

నాకు సంతోషం వచ్చింది, నిజమే చెప్తున్న. అది ఎంతసేపో ఉండలే. జీతగాని పెండ్లం గెలిసినందుకు తెచ్చిన దండ అధ్యక్షుడే చేతుల పట్టుకొని, మెడల ఏసుకోకుంట, గుంపు దిక్కు చూస్తున్నడు. ఒక్కొక్క మొకమే చూస్తున్నడు. ఎవలు? ఎవలేసిండ్రు? ఆ కండ్లు తిరిగినకాడల్ల మనుసులు తల దించుకున్నరు, ఏసినోళ్లు, ఏయనోళ్లు అందరు.

కోడలు నా పక్కకొచ్చి నిలవడ్డది. "మామా," అన్నది మెల్లగ, "గిన్ని ఓట్లు రాకపోయినా బాగుండునేమో."

ఓటు రహస్యమని పెట్టెల మీద రాసుంటది. గా రహస్యాన్ని మొకం మీద దాచుకోనీకి ఇంతమంది సతమతం కావాలె. ఇదేం ఎలచ్చనో, ఇదేం ఊరో నాకు అర్థం కాలే. మండింది.

బడి గేటు కాడ ఆడోళ్ల గుంపుల పటేలమ్మ ఉండె. నా కండ్లు ఆ దిక్కు పోవట్టినయి. పోతుంటె చూసుకొని గబుక్కున మొకం తిప్పుకున్న. నేను ఎవలిని చూస్తున్ననో ఎవలన్న చూస్తె, ఆ ఓటు ఎవలదో తెలిసిపోతదేమో అని. ఇంటికొచ్చే దాకా నేలనే చూసుకుంట నడిచిన. ఎదురొచ్చిన ఎవ్వలిని పలకరియ్యలే.