పాత పార్టీ మనిషి పెట్టిన ఫిల్లింగు

ప్రొద్దుటూరులో పళ్ల క్లినిక్ తెరిచిన కొత్తలో వెలుతురు కోసం కుర్చీని కిటికీకి ఎదురుగా వేయించాను. వారం తిరక్కుండానే దాన్ని తలుపు వైపు తిప్పాల్సి వచ్చింది. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి, లోపలికి ఎవరొస్తున్నారో కనపడకుండా పడుకోవడమంటే ఫ్యాక్షన్ ఊళ్ల మగవాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. సరే అనుకుని టార్చి పట్టుకుని తిప్పలు పడ్డాను. అక్కడ సర్దుకున్నాను. సర్దుకోనిది ఇంకొకటుంది, అది చెబుతాను.

జమ్మలమడుగు అవతల ఒక ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న ఆయన ఉండేవాడు. అందరూ అన్న అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఒకరోజు పొద్దున ఐదుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. కింది దవడ పంటిలో పాత వెండి ఫిల్లింగు ఒక అంచున అరిగి, ఆ సందులో జొన్నరొట్టె ఇరుక్కుంటోంది. మిగతాదంతా గట్టిగానే ఉంది. అరిగిన అంచు వరకు గీకి, శుభ్రం చేసి, అక్కడ కొత్త సిమెంటు పెడితే చాలు. నీలం లైటు వేసి గట్టిపరిచే మందు ఉంది గానీ కరెంటు లేదు. అందుకని పొడీ ద్రవమూ కలిపే సిమెంటు బయటికి తీసి గాజు పలక తుడుచుకుంటున్నాను.

"అతుకులొద్దు. మొత్తం పీకేసి కొత్తది పెట్టు" అన్నాడు.

ఎందుకని అడిగాను.

"అది పెట్టినోడు మా పాత పార్టీ లీడరు బామ్మర్ది. వాని పని నా నోట్లో ఉండకూడదు."

ఆయన పార్టీ మారి నెల కూడా కాలేదు. జీపు మీద జెండా మార్చాడు, ఇంటి గోడలకి రంగు మార్చాడు, ఇక మిగిలింది ఈ పన్ను. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

"అది తీస్తే దాంతో మంచి పన్ను కూడా పోతాదన్నా. నరం శానా దగ్గరుండాది. పార్టీ మారినంత సులువు కాదు. నేను తీయను."

ఆయన లేచి కూర్చున్నాడు. "అట్లనా. మావాళ్లెవరూ ఇంక నీ గడప తొక్కరు. ఈడ నీ బోర్డు ఎన్నాళ్లుంటాదో నేనూ చూస్తా."

"చూడన్నా" అన్నాను. గాజు పలకనీ సిమెంటునీ తీసి మళ్లీ అలమరలో పెట్టేశాను.

అన్నంత పనీ చేశాడు. మర్నాటి నుంచి ఆయన మనుషులిద్దరు మా మెట్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్లని చూసి ఊళ్లోవాళ్లు కూడా వెనక్కి మళ్లేవాళ్లు. మా నాన్న సింహాద్రిపురంలో మిషన్ బడి పంతులు. సంగతి తెలిసి బస్సెక్కి వచ్చాడు.

"తప్పయిందని చెప్పుమ్మా. ఈడ మనకెవరుండారు?"

ఆయన మీద కూడా కోపం వచ్చింది. చదివించింది నువ్వే కదా, ఆ చదువు తప్పని నా నోటితో ఎట్లా చెప్పమంటావు అన్నాను. రోజూ తొమ్మిదింటికి తలుపు తీసి, కోటు వేసుకుని, ఖాళీ కుర్చీ పక్కన కూర్చునేదాన్ని.

ఇరవై రోజులకి చాపాడు వైపు నుంచి ఒకాయన, అన్నకి పడని వర్గం మనిషి, మెట్ల మీదివాళ్లని తోసుకుని లోపలికి వచ్చాడు. ఆయనదీ అరిగిన ఫిల్లింగే. సిమెంటు కలుపుతుంటే తలుపులో అన్న ప్రత్యక్షమయ్యాడు. చెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. ఇంకెవరి చేతనో ఆ పాత ఫిల్లింగు మొత్తం తొలిపించుకున్నాడట. నరం తగిలి, పన్ను నిలువునా పగిలి, చీము పట్టింది.

కుర్చీలో మనిషి చెయ్యి నడుము దగ్గరికి పోయింది. నేను ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"బయట బెంచీ మీద కూర్చోన్నా. ఈయనది అయిపోవాల."

"నొప్పి" అన్నాడు.

"తెలుసు. కూర్చో."

కూర్చున్నాడు. జాలి కలగలేదని చెప్పను, కానీ ఆ రోజు నాకు జాలికన్నా కోపమే ఎక్కువ. సిమెంటు గట్టిపడేదాకా ఒక్క నిమిషం కూడా తగ్గించకుండా పని పూర్తిచేసి, చాపాడు మనిషిని పెరటి తలుపు నుంచి పంపించాను.

తర్వాత అన్న పన్ను పీకాను. ఇక ఏ మందూ దాన్ని నిలబెట్టలేదు. ట్రేలో పెట్టి చూపించాను.

"బామ్మర్ది ఫిల్లింగూ పోయినాది, నీ పన్నూ పోయినాది."

నోటినిండా దూదితో లేచి చెప్పులేసుకున్నాడు. పోతూ పోతూ మెట్ల మీది మనుషులిద్దర్నీ వెంట తీసుకుపోయాడు.