బర్రె రాయి కాడ ఎడమకు

నేను ఏడో తరగతిలో బడి మానేస్తే బడి బాగుపడిందని మా ఊళ్ళో ఇప్పటికీ అంటారు. అలాంటి నన్ను కరోనా రోజుల్లో సూరత్ బస్టాండులో ఒకాయన తెలుగులో పలకరించాడు. మా మధ్య కుర్చీలో ఎవరూ కూర్చోకుండా తాడు కట్టి ఉంది.

ఆయన, మరికొందరు కలిసి హిమాలయాల ఊళ్ళ గురించి ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో జీతం లేకుండా రాస్తారట. అక్కడి మిత్రుడొకడు కొండదారులు నడిచి ఫోన్లో చెబితే, ఈయన రాసేవాడు. ఆ మిత్రుడు కరోనాతో పోయాడు. ఒక ఊరి దారి సగంలోనే ఆగిపోయింది.

"గంతేనా సార్, నేను చెప్తా రాస్కో" అన్నాను. మిల్లులో నూలు మూటలు తప్ప ఏ కొండా ఎక్కనివాణ్ణి, అలవాటుగా నోటికొచ్చిన కోత కోశాను. "వాగు దాటినంక బర్రె లెక్క ఒక రాయి ఉంటది. గాడ ఎడమకు తిరగాలె."

ఆయన నవ్వలేదు. మిత్రుడు పంపిన చివరి మాటలు ఫోన్లో వినిపించాడు. హిందీలో, ఆయాసపడుతూ, అదే వాగు, అదే బర్రె రాయి, ఎడమకు. ఆపైన దగ్గు.

"తర్వాత ఏముంది తమ్ముడూ? చెప్పు" అని బతిమాలాడు.

ఏముందో నాకు కళ్ళ ముందు కనబడుతూనే ఉంది. నేను మాత్రం మాస్కు ముక్కు మీదికి లాక్కున్నాను. ఇంతలో ఆయన బస్సు వచ్చింది.

సూరత్‌లోనే గోడాదరా పేటలో మా రూముకొచ్చి చెబితే మా బావ అన్నాడు: "నీ జిందగీల ఒక్కసారి నిజం చెప్పినవ్. గది గూడ సగంల ఆపి వస్తివారా?"