ప్లగ్గు రంగు

బుద్వేల్ నుంచి విమానాశ్రయంలో ఉద్యోగానికి మోటార్‌సైకిల్ మీద వెళ్లే రోజుల్లో, మోజుపడి దానికి బయట దొరికే ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు పెట్టించాను. శబ్దం గంభీరంగా మారింది కానీ వేగం పెంచితే బండి దగ్గేది. శంషాబాద్‌లో ఒక పెద్దాయన, మెకానిక్, స్పార్క్ ప్లగ్గు విప్పి చూపించాడు. మొన సున్నంలా తెల్లగా ఉంది.

"గాలి ఎక్కువైంది తమ్మీ, పెట్రోల్ సరిపోతలేదు," అంటూ కార్బురేటర్‌లో పెట్రోల్ వదిలే జెట్టు తీసి, ఇంకాస్త పెద్ద రంధ్రమున్నది బిగించాడు. "జోరుగ పోయి, ఇంజన్ బంద్ చేసి, ఆడనే ప్లగ్గు చూడు."

పహాడీ షరీఫ్ దారిలో ఆపి పానాతో ప్లగ్గు విప్పుతుంటే, పక్కన సీతాఫలాలు అమ్ముతున్న ముసలామె అడిగింది.

"ఏమైంది బిడ్డా, ఖరాబైందా?"

"లేదవ్వా, నేనే ఆపిన."

"మంచిగ పోయే బండిని ఎందుకాపినవ్?"

సంగతంతా చెప్పాను. ఈసారి ప్లగ్గు మసిబారి ఉంది. అంటే పెట్రోల్ ఎక్కువైందన్నమాట. వెనక్కి వెళ్లి, రెండింటికీ మధ్యరకం జెట్టు వేయించుకొని మళ్లీ అక్కడికే వచ్చాను. దారిలో బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను ప్లగ్గు విప్పుతుంటే ఆమె బుట్ట వదిలి వచ్చి నా పక్కన కూర్చుంది. వేడి ప్లగ్గును గుడ్డలో పెట్టి చూపించాను.

"చాయ్ రంగున్నది," అంది నాకంటే ముందే. "గిట్లుంటే మంచిదేనా?"

"గిట్లనే ఉండాలె అవ్వా."

ఆమె కాసేపు దాన్నే చూసింది.

"మా కొడుకు ఆటో గూడ దగ్గుతది. ఇయ్యాల రానీ, విప్పిపిచ్చి చూస్త."