గీత పడని చేను

ఈ రోజు వరికుంటపాడు దగ్గర ఒక చేను కొలవడానికి పోయి, కొలవకుండానే తిరిగొచ్చినాను. నేను సర్వేయర్ని. వాళ్ల నాయన పోయిన ఏడాదికి అన్నదమ్ములిద్దరూ చేను పంచుకోవాలని పిలిపించినారు. చేను మధ్యలో ఆయన సమాధి ఉండాది. దున్నేదానికి అడ్డమని అది ఇద్దరికీ వద్దు. నీ భాగంలోకే పోవాలని ఒకడంటే, కాదు నీ భాగంలోకేనని ఇంకొకడు, ఒకటే వాదన.

శాటిలైట్లతో కొలిచే రోవర్ పెడితే అంకెలు నిలవలేదు. సమాధిని ఒకసారి పెద్దోడి వైపు, ఇంకోసారి చిన్నోడి వైపు చూపించింది. ఆఫీసుకి ఫోన్ చేస్తే, సూర్యుడి మీద పెద్ద పేలుడు జరిగి సిగ్నళ్లు చెదురుతున్నాయంట, ఈ రోజుకి ఆపేయమన్నారు.

సమాధి పక్కనే కూర్చోనున్న వాళ్లమ్మకి అదే చెప్పినాను.

"అయితే ఈ పొద్దు ఆయన ఎవురి పక్కకీ పోడా?" అని అడిగింది.

"పోడమ్మా. రేపో ఎల్లుండో సూర్యుడు సర్దుకుంటాడు. అప్పుడొచ్చి హద్దు రాళ్లు నాటిస్తాను."

"తొందరేం లేదని చెప్పు నాయనా, ఆ సూర్యుడికి."

పని ఆగితే విసుక్కునే మనిషిని నేను. ఇయ్యాల మాత్రం విసుక్కోకుండా రోవర్ సర్దుకుని బండెక్కినాను. రేపు సిగ్నల్ బాగుంటే పోవాల్సిందే. గీత ఎటు పడినా, ఆయన పడేది వద్దన్న కొడుకు భాగంలోనే.

మీరైతే రేపు పోతారా?