ఎద్దుకు అడ్డం కూర్చున్నవాడు

నా నేస్తుడు పోయినాడని పులివెందుల బస్సు కండక్టరు చెప్పినప్పుడు నేను జమ్మలమడుగులో శనక్కాయల మూట దించుకుంటాండా. "విషజ్వరమంటప్పా, నిన్న పొద్దున పోయినాడు" అన్నాడు. మూట ఆడనే వదిలేసి, తిరిగిపోయే అదే బస్సెక్కినా.

మీలో కొందరికి అతను పులివెందులలో పిల్లలకు చదువు చెప్పే అయివారు. నాకు మాత్రం ప్రొద్దుటూరు హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని రోజూ కొట్లాడినవాడు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. వాళ్ల నాయన గుమాస్తా, మాది సేద్యం. సెలవులకు మా ఊరొస్తే, దారిలో ఎత్తు వచ్చినప్పుడల్లా ఎద్దులకు బరువని బండి దిగి నడిచేవాడు. మా నాయన చేతిలో ములుకర్ర చూసి ముఖం తిప్పుకునేవాడు. "నోరులేని దాన్ని పొడిచి పండించిన కూడు నాకు దిగదురా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

"నువ్వు పోసుకునే మజ్జిగ యాడిది? దూడ నోటికాడిది కాదా?" అన్నానొకసారి.

వాడు ఆ పొద్దు నుంచి పాలు, మజ్జిగ ముట్టలేదు. వాడితో వాదన గెలిచినా సంతోషం మిగిలేది కాదు.

చదువు ముగిసిన ఏడు మా ఊరి తిరునాళ్లలో బండలాగుడు పందెం పెట్టినారు. రాతిబండను లాగుతూ లాగుతూ మా జతలో కుడిపక్క ఎద్దు ముందుకాలు మడిచి కూలబడింది. నాయన ములుకర్ర ఎత్తినాడు. జనంలోంచి వాడు ఉరికొచ్చి, ఎద్దుకు అడ్డంగా కూర్చున్నాడు.

"ఎవడ్రా వాడు? ఈడ్చి పారేయండి!" అని అరుపులు. కట్టెలు లేచినాయి.

"లెయ్‌రా, సంపుతారు నిన్ను!" అని భుజం పట్టి గుంజినా.

"అది లేచినాక లేస్తా." మనిషి కదల్లేదు.

కర్ర కిందికి దిగుతాంటే చెయ్యి అడ్డం పెట్టినా. ములుకు నా అరచేతిలో దిగింది. రక్తం చూసి నాయన కర్ర వదిలేసినాడు. "కాడి ఇప్పండి" అన్నాడు. పందెం పోయింది.

"నువ్వు చేసింది తప్పు. నాయన ఊర్లో ఎట్ల తలెత్తుకోవల్ల?" అన్నా, వాణ్ని ఊరు దాటిస్తూ.

"ఆయన పరువు తీయాలని రాలేదురా. కానీ మళ్లా అట్లే జరిగితే, మళ్లా అట్లే చేస్తా."

నేను వాడితో మాటలు మానేసినా.

తొలకరి పడింది. మా ఎద్దు ఇంకా కుంటుతాంది. పందెం చెడగొట్టినామన్న కోపంతో ఊర్లో ఎవరూ ఎద్దునియ్యలేదు. నేల పదును ఆరిపోతాంది. ఇంకొంచెం ఆలస్యమైతే ఆ ఏడు మాకు పంట లేదు. ఆ విషయం ఎవరు చెప్పినారో, వాడు వచ్చి గట్టు మీద నిలబడినాడు.

"మామా, విత్తనం గొర్రు నేను లాగుతా."

నాయన మోకు వాడి చేతికిచ్చి, "రా" అన్నాడు.

గొర్రుకు మోకు కట్టి నేనూ వాడూ లాగినాం. నాయన గొర్రు పట్టినాడు, అమ్మ విత్తనం వదిలింది. సాయంత్రానికి వాడి భుజం మీద తోలు లేచిపోయింది.

"ఎద్దు బాధ తెలిసిందా?" అన్నా.

"అది ముందే తెలుసు. ఈ పొద్దు మీ బాధ తెలిసింది. అయినా ములుకర్ర తప్పే."

తర్వాత కూడా కలిసినప్పుడల్లా కొట్లాడినాం. నేనిప్పటికీ ఎద్దులతోనే దున్నుతాండా. వాడి మాటలన్నీ నాకు ఒప్పుదల కావు. కానీ నన్ను ఎదిరించి, ఆ పూటే నా పక్కన కూర్చుని అన్నం తినే మనిషి ఇంక లేడు.

కండ్లు మూస్తే ఆ సాయంత్రమే కనబడుతుంది. నాయన చిప్పలో ఆముదం, పసుపు కలిపి తెచ్చి వాడి భుజానికి పూస్తాండాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మంటకు వాడు పండ్లు బిగబట్టినాడు. నాయన వంగి, పుండు మీద మెల్లగా ఊదుతాండాడు.