ఉప్పు పట్టిన బెల్టు

కామమ్మ మా హైస్కూల్లో ఆయా. పులికాట్ ఒడ్డున ఇల్లు. పొద్దున్నే ఇంటిముందు చేపలు ఎండబెట్టి, తొమ్మిదింటికల్లా వచ్చి బడి తాళాలు తీస్తుంది. నేను సైన్సు పంతులును, నోటిదురుసు మనిషిని. ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకోను. ఈవిడ సంగతి వేరు.

ఈ జూన్‌లో బడి తెరవగానే ల్యాబుకు వాన్ డి గ్రాఫ్ యంత్రం వచ్చింది. కింద హ్యాండిల్, మధ్యలో రబ్బరు బెల్టు, పైన అల్యూమినియం గోళం. హ్యాండిల్ తిప్పితే బెల్టు విద్యుదావేశాన్ని పైకి మోసుకెళ్లి గోళానికి చేరుస్తుంది. వేల వోల్టులు పేరుకుని రవ్వ ఎగరాలి. శనివారం తనిఖీ అధికారి వస్తున్నారని, శుక్రవారం పొద్దున కామమ్మను పిలిచి, "బెల్టుకు దుమ్ము పట్టింది, శుభ్రంగా కడుగు" అన్నాను. కడిగి ఆరబెట్టింది. సాయంత్రం హెడ్మాస్టర్ మాల్యాద్రి గారి ముందు చెయ్యి పడిపోయేలా తిప్పాను. రవ్వ లేదు సరికదా, చిటుక్కుమనలేదు.

"దీన్ని నీళ్లలో ముంచావా? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను? రేపిది పనిచెయ్యకపోతే సోమవారం నుంచి బడికి రావద్దు" అని ఆయన కామమ్మ మీద విరుచుకుపడ్డారు. ఆవిడ తల వంచుకుంది. నేను గోడమీది గడియారం చూస్తూ నిలబడ్డాను.

మర్నాడు నేను వెళ్లేసరికి కామమ్మ బెల్టు విప్పి, నాలుక కొసకు ఆనించి చూస్తోంది.

"ఉప్పు సార్. మన బోరు నీళ్లతో కడిగినా గదా, నీళ్లు ఆరినా ఉప్పు నిలిచిపోయుండాది. ఉప్పుచేప గూడా అంతే, సముద్రపు గాలి తగిల్తే చెమరుస్తాది."

నిజమే. ఉప్పు పొర తేమ పీలిస్తే ఆ తడి వెంటే ఆవేశమంతా కిందికి జారిపోతుంది. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నా బుర్రకు అది తట్టలేదు! ఆవిడ మేం తాగే క్యాన్ నీళ్లతో బెల్టును మళ్లీ కడిగి, పొద్దుటి పొడి పడమటి గాలికి ఆరేసింది. సముద్రపు గాలి మళ్లేలోపే తెచ్చి బిగించింది.

అధికారి ముందు తనే హ్యాండిల్ తిప్పింది. "ముందు తేలిగ్గా ఉండె సార్, ఇప్పుడు రవ్వంత బరువెక్కింది" అంది. ఆ చేతికి దండం పెట్టాలనిపించింది. గోళంలో చేరిన ఆవేశం కొత్తగా వచ్చే ఆవేశాన్ని వెనక్కి తోస్తుంది. కిక్కిరిసిన షేర్ ఆటోలోకి ఇంకొకరిని ఎక్కించాలంటే గట్టిగా నెట్టాలి కదా, ఇక్కడ ఆ నెట్టే పని కామమ్మ చెయ్యి చేస్తోంది. ఆ పనే వోల్టేజిగా పెరుగుతోంది.

ఠప్పుమని రెండు వేళ్ల దూరం నీలిరవ్వ దూకింది. పిల్లలు కేకలేశారు. మాల్యాద్రి గారు చప్పట్లు కొట్టారు.

ఇక నావల్ల కాలేదు. "కడగమన్నది నేనే సార్. నిన్న నోరు మూసుకున్నాను" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన కామమ్మ వైపు తిరిగి, "నువ్వైనా చెప్పుండొచ్చు కదమ్మా" అన్నారు.

"సారే చెప్తారని చూసినా" అంది ఆవిడ.