కాచురంగు ఫోటో

మొన్న మా కోడలు పగలగొట్టిన కోడిగుడ్డు కుళ్ళిపోయి ఉంది. అందరూ ముక్కులు మూసుకుని కిటికీలు తెరిచారు, మనవడైతే వీధిలోకే పరుగెత్తాడు. నేను మాత్రం వంటింటి గడపలో నిలబడి ఆ వాసనను గుండెల నిండా పీల్చుకున్నాను. ముసలిదానికి మతి పోయిందనుకున్నారు కాబోలు. అనుకోనీ, నేనేం చేసేది?

మెదక్ బజారులో మా బాపుకు ఫోటో స్టూడియో ఉండేది. గోడకు మేకేసి ఒక నల్లకోటు తగిలించేవాడు. పెళ్ళికొడుకైనా, పట్వారీ అయినా, రామాయంపేట నుంచి బండి కట్టుకొచ్చిన రైతయినా అదే కోటు తొడుక్కుని, అదే స్టూలు మీద ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. బతికున్నవాళ్ళకు నలుపు తెలుపు ఫోటో. ఎవరైనా పోతే ఇంటివాళ్ళు వచ్చి, ఏళ్ళు గడిచినా చెడకుండా తమలపాకులో వేసే కాచు రంగు పట్టించమనేవారు. అలా మా ఊళ్ళో ఆ రంగు చచ్చిపోయినవాళ్ళ రంగయింది.

ఆ పని పెరట్లోనే చేయాలి, ఇంట్లో చేస్తే అమ్మ ఊరుకోదు. మొదటి పళ్ళెంలో పసుపుపచ్చని మందు. ఫోటో అందులో వేయగానే మనిషి కళ్ళముందే మాయమై ఉత్త కాగితం మిగిలేది. దాన్ని కడిగి, కుళ్ళిన గుడ్డు కంపు కొట్టే రెండో మందులో వేస్తే పోయిన మనిషి కాచురంగులో మెల్లగా తిరిగొచ్చేవాడు. ముక్కు మూసుకుని ఆ రాకడ చూడటమే నాకు ఆట.

వానలు వెనుకబట్టి, ఖిల్లా గుట్ట మీది సీతాఫలాలు గంపల్లో దిగి, వాటిని బియ్యంలో మాగేసి, పండాయో లేదోనని గంటకోసారి ఒత్తి చూసి అమ్మ చేత తిట్లు తినే రోజుల్లో బతుకమ్మ వచ్చేది. తెల్లని గునుగుపూలను అమ్మ గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ముంచేది. ఆ తొమ్మిది రోజులూ మా ఇంట్లో రంగు అంటని వేలు ఉండేది కాదు. నా తోడబుట్టిన యాదన్న ఆ వేళ్ళు నా బుగ్గలకు తుడిచి పారిపోయేవాడు.

రజాకార్ల గడబిడ ముదిరిన ఏడు యాదన్న వాళ్ళను ఎదిరించే సంఘంలో తిరగసాగాడు. ఒకరోజు తనంతట తానే నల్లకోటు తొడుక్కుని స్టూలెక్కి, "బాపూ, ఒక్కటి దియ్యి" అన్నాడు. ఆ ఫోటో ఇంకా నీళ్ళలో నానుతుండగానే బజారులో తుపాకుల చప్పుడైంది. బాపు దాన్ని సరిగ్గా కడగకుండానే లాగి అటక మీద దాచాడు. తెల్లారేసరికి అన్న ఇంట్లో లేడు.

పోలీసు యాక్షన్ అయి, మిలట్రీ లారీలు వచ్చాక జైళ్ళ నుంచీ అడవుల నుంచీ ఎందరో తిరిగొచ్చారు. అమ్మ పొద్దుగూకే వేళకు రామాయంపేట తోవకు పోయి నిలబడేది. ఎల్దుర్తి అవతల ఎవరినో కాల్చేశారనీ, ముఖం పోల్చేవాళ్ళు లేక అక్కడే కాష్ఠం పేర్చారనీ ఎవరో చెప్పిపోయారు. బాపు నమ్మాడు, అమ్మ నమ్మలేదు. ఈలోగా అటక దించి గోడకు తగిలించిన అన్న ఫోటో చెంపల దగ్గర పసుపెక్కి వెలిసిపోసాగింది.

"రంగు వట్టియ్యకుంటె పోరడు పూరగ మాయమైతడే" అని బాపు బతిమాలాడు.

"గది సచ్చినోళ్ళ రంగు. నా కొడుకు బతికున్నడు. ముట్టుకుంటె సూడు" అంది అమ్మ.

మరుసటేడు సద్దుల బతుకమ్మనాడు అమ్మ సత్తుపిండి, మలీద ప్రసాదాలు గిన్నెలకెత్తుకుని చెరువు దిక్కు పోగానే బాపు ఆ ఫోటో దించాడు. పసుపు మందులో అన్న మాయమయ్యాడు. రెండో మందులో ముందు జుట్టు వచ్చింది, తర్వాత కనుబొమలు, ఆ తర్వాత కోటు గుండీలతో సహా వచ్చింది. ముఖం రాలేదు. బాపు పళ్ళేన్ని ఊపుతూనే ఉన్నాడు, "రా కొడుకా, రా" అంటూనే ఉన్నాడు. ఇంకేమీ రాలేదు.

వాకిట్లోకి రాగానే అమ్మకు వాసన తగిలింది. పెరట్లోకి పరుగెత్తి, తడి కాగితం గుంజుకుని చాలాసేపు చూసింది. బాపును కొడుతుందని నేను భయపడ్డాను. ఆమె నవ్వింది.

"సూసినవా? సచ్చిపోతె మొఖం రాకపోవునా? నా కొడుకు యాడనో ఉన్నడు."

అదే కాగితాన్ని ఫ్రేము కట్టించింది. తను పోయేదాకా దానికి దండ వేయనియ్యలేదు, పోయేదాకా ఆ తోవకు పోవడం మానలేదు.

బాపు మంచాన పడ్డాక నాకు చెప్పాడు. ఫోటోను నిలబెట్టే ఉప్పు, హైపో అంటారు, ఆ గడబిడ రోజున సరిగా కడగక కాగితంలోనే ఉండిపోయిందట. అది పసుపు మందుతో కలిస్తే బొమ్మను తినేస్తుందట, పలుచగా ఉన్న ముఖాన్ని ముందు తింటుందట. "మల్ల కడిగి ఎయ్యాలె బిడ్డా. ఎరికే నాకు. మీయమ్మ ఒస్తదని తొందరవడ్డ."

"అమ్మకు చెప్పకపోయినవా?"

"ఎట్ల జెప్పాలె?" అని గోడవైపు తిరిగాడు.

ఇప్పుడు స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. కోటును పురుగు కొట్టేసింది. కాచురంగు కావాలంటే మనవడు ఫోనులో వేలితో నొక్కితే వస్తుంది, కంపు లేదు, కడగడమూ లేదు. గోడ మీది అన్న ఫ్రేము చూపి "నానమ్మా, ఈ తాత ముఖం నేను నింపిస్త, పోలిక చెప్పు" అన్నాడు. చెబుదామని కళ్ళు మూసుకున్నాను. బుగ్గకు తగిలిన తడి రంగు గుర్తుంది. ముఖం గుర్తులేదు. మా అన్న ముఖం ఈ లోకంలో ఎక్కడా లేదు, నాలో కూడా లేదు.

అన్న చచ్చిపోయాడని నాకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. పండుగపూట గోడ మీది అమ్మకూ బాపుకూ బంతిపూల దండలు వేస్తాను. ఆ మూడో ఫ్రేముకు దుమ్ము తుడుస్తాను, అంతే.